అంపకోల గతిదోషములు: ధనుర్వేదమును, ఉదయగిరి సీమయు

“పుంఖానుపుంఖముగా” నను మాట నేఁడు తెలుఁగున మిక్కిలి వాడుకలో నున్నది. సభలో ప్రశ్నలు పుంఖానుపుంఖముగా వచ్చిన వందుము. గ్రంథములు పుంఖానుపుంఖముగా వెలువడుచున్న వందుము. పుంఖమనఁగా అంపకోల వెనుకకొన. ముందుపోయిన కోల తోఁకను వెంటనంటి మఱియొక కోల పోవునట్లు విలుకాఁడు వేగముగ నేయుటయే యీ పలుకుబడికి మూలము. అట్లేయవలెనన్న విలుకాని చేతివడి యొక్కటియే చాలదు. దొనలోని కోలలన్నియు నొక్క తీరుగఁ బోవలెను. ఒకటి తిన్నఁగాను, ఒకటి తోఁక యూఁపుచును, ఒకటి సుడి తిరుగుచును పోయెనేని పుంఖానుపుంఖమను మాట పుట్టియే యుండదు. ఈ పలుకుబడి వెనుక విలుకానితోపాటు కోలలు చెక్కినవాఁడును గలఁడు. మన సాహిత్యచరిత్ర వానిని చూడలేదు.

చూడకపోవుటకు మన నిఘంటువులును, టీకలును గొంత కారణము. అమ్ము, తూపు, కోల, నారసము, వాలమ్ము మున్నగు పదములకు టీకాకారులు తఱచుగా “బాణము” అనియో, “బాణవిశేషము” అనియో వ్రాసి ముందునకు సాగుదురు. పద్యార్థమునకు అది చాలవచ్చును. కాని పనివాని దృష్టికి నారసమునకును, కట్టెకోలకును గల భేదము ఇనుపగునపమునకును, చేతికఱ్ఱకును గల భేదము వంటిది. ఆ భేదము నెఱుఁగనిదే కోల యేల వంకపోయినదో చెప్పుట సాధ్యము కాదు.

ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁబడు విషయ మొక్కటే. సంస్కృత ధనుర్వేద గ్రంథములలో కోల గుఱితప్పుటకును, కోల చెడుగాఁ బోవుటకును స్పష్టమైన విభాగము చేయఁబడినది. మొదటిది విలుకాని చేతిదోషము. రెండవది కోలయందో, కోలకును వింటికిని గల పొందికయందో ఉన్న దోషము. ఈ విభాగము మంత్రశాస్త్రమునకుఁ జెందినది కాదు. కోలలు చెక్కి, యేసి, చెడిన వానిని సరిచేసికొనిన వారి యనుభవమునుండి పుట్టినది. ఇరువదవ శతాబ్దమున వేగచిత్రగ్రహణముచేఁ దేలిన విషయములతో దీనిని పోల్చి చూచిన ఈ మాట బలపడఁగలదు.

1. సీమ

ఈ విచారమునకు నెల్లూరు జిల్లా పడమటి భాగమును నెలవుగఁ గైకొనుటకుఁ గారణము కలదు. దర్గావలనఁ బ్రసిద్ధి గాంచిన అనుమసముద్రంపేట, దానికిఁ జేరువనున్న ఆత్మకూరు, పడమటఁ గొండపైఁ గోటగల ఉదయగిరి, ఆ వెనుక కడప సీమను వేఱుచేయుచు నిలిచిన వెలిగొండలు: ఇవి యొకప్పుడు అడవియు, రాచకోటయు నొకదానికొకటి యెదురుపడిన తావులు. అడవిలో వేఁటకాని విల్లు, కోటలో సైనికుని విల్లు. రెండింటికిని గావలసినది తిన్నని కోలయే.

శ్రీకృష్ణదేవరాయలు 1513వ సంవత్సరమున ఉదయగిరిని ముట్టడించెను. కోట వశమైనది 1514లో. గజపతుల పక్షమునఁ గోటను గాచిన తిరుమల రాహుత్తరాయలు పట్టుపడెను. ఇచటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకుఁ గొనిపోయి ప్రతిష్ఠించినాఁడు. ఇంత దీర్ఘమైన ముట్టడియందు సేనకుఁ గావలసిన సామగ్రిలో అంపకోల స్వల్పవస్తువువలెఁ గనిపించును. కాని యది వాడినకొలఁది తఱుఁగునది, వానకు నానునది, ఎండకు వంగునది. ఎప్పటికప్పుడు సరిచూడక నిలువయుంచిన కోలలు అక్కఱకుఁ బనికిరావు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పేయస్ రాయల సేనాప్రదర్శనమును వర్ణించుచు, విలుకాండ్ర విండ్లకుఁ గల బంగారు పూఁతను మాత్రమే చెప్పి విడువలేదు. వారి కోలలు చక్కఁగా నున్నవనియు, వానికి ఱెక్కలు కట్టిన తీరు మెచ్చఁదగినదనియుఁ బ్రత్యేకముగఁ బేర్కొనెను. పరదేశీయుని కంటఁబడిన ఈ ఱెక్కల పనితనము మన టీకాకారుల కంటఁబడలేదు.

అడవివైపునుండి చూచినను సీమ సంపన్నమైనదే. రాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి ఘట్టమున అడవిజనులతో రాజు మెలఁగవలసిన తీరును జెప్పినాఁడు. వెలిగొండల కావలనున్న పొత్తపినాఁటితో ముడివడిన వేఁటకాఁడు తిన్నని కథను ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున విపులముగఁ జెప్పినాఁడు. పదమూఁడవ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమునందుండిన తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను దెనిఁగించెను. భీష్మద్రోణకర్ణశల్య పర్వములన్నియు నందులోనివే. తెలుఁగు సాహిత్యమున అంపకోల యెక్కువగఁ బ్రయాణము చేసిన పుటలు ఈ జిల్లాలోనే పుట్టినవనిన అతిశయోక్తి కాదు.

ఈ వ్యాసకర్త బాల్యము ఆత్మకూరు తాలూకా పల్లెలోఁ గడచినది. వేసవి సెలవులలో వెదురుబద్ద వంచి విల్లు చేసి, చేతికందిన పుల్లను అమ్ముగఁ జేసికొని యేయని పిల్లవాఁడు ఆ పల్లెలలో నుండఁడు. మా కోలలు పది బారలు పోకముందే అడ్డము తిరిగి నేలఁ బడుచుండెను. గుఱి కుదురలేదని మేము మాటిమాటికి చేతిని దిద్దుకొంటిమి. దోషము చేతిది కాదనియు, పుల్లకు ముందుబరువు లేదు, వెనుక గరి లేదు, ఇఁక నది తిన్నఁగ నెట్లు పోవుననియు ఒక పెద్ద చెప్పెను. ఆ మాట శాస్త్రములోనిదని చాల యేండ్ల తరువాతఁ దెలిసినది.

2. అంగములు, వాని పేళ్ళు

విచారమునకు ముందు పదములను స్థిరపఱచుకొనుట మంచిది. కోల యనునది నిడుపైన కాండము. మొనయందుండు నినుపముక్కకు అలుఁగు, ములికి యని పేళ్ళు. వెనుకవైపునఁ గట్టిన పక్షి యీఁక గరి. గరితోఁ గూడిన వెనుకకొన పింజ, సంస్కృతమునఁ బుంఖము. ఆ కొనయందు నారి యిమిడియుండుటకుఁ గోసిన సందును ఈ వ్యాసమున గాఁడి యని వ్యవహరింతును. వింటిత్రాడు నారి, అల్లె, గొనము. కోలలుంచుకొను తిత్తి దొన, లేదా పొది. కొమ్ముతోఁ జేసిన విల్లు సింగిణి; ఇది సంస్కృతములోని శార్ఙ్గమునకు సాటి. నారసము పూర్తిగా నినుముతోఁ జేసిన అమ్ము. సంస్కృత నారాచ శబ్దభవము.

ఈ పేళ్ళలో అలుఁగు, కోల, గరి, పింజ యను నాలుగును నాలుగు వేఱువేఱు పనులను దెలుపుచున్నవి. అలుఁగు బరువును ముందునకుఁ దెచ్చును. కోల వింటి త్రోపును భరించును. గరి గాలిని పట్టి వెనుకకొనను అదుపులో నుంచును. పింజలోని గాఁడి త్రోపును నారినుండి కోలకు అందించును. వీనిలో నేది చెడినను కోల చెడుగానే పోవును. కాని చెడు తీరు వేఱువేఱుగా నుండును. ఆ తీరును జూచి దోషస్థానమును గుర్తించుటయే పనివాని విద్య.

3. గ్రంథములు చెప్పిన కోల

ధనుర్వేదవిషయము అగ్నిపురాణమున 249 మొదలు 252 వఱకుఁగల అధ్యాయములలోఁ గలదు. 1363లోఁ గూర్పఁబడిన శార్ఙ్గధరపద్ధతియందును, వాసిష్ఠ ధనుర్వేదసంహిత యని ప్రసిద్ధమైన గ్రంథమునందును ఇంతకంటె నిశితమైన భాగములు కలవు. ఈ రెండింటికిఁ బెక్కు శ్లోకములు సామాన్యములు. అస్త్రమంత్రములు, శకునములు, శుభదినములు వీనిలోఁ జాలఁ గలవు. వానిని జూచి గ్రంథమంతయు నట్టిదే యని త్రోసివేయుట పొరపాటు. నడుమనడుమఁ గాండమును, ఱెక్కను గూర్చిన శ్లోకములు వేఱొక చేతినుండి వచ్చినట్లుండును.

కాండము మిక్కిలి లావుగాని, మిక్కిలి సన్నముగాని కారాదు, పచ్చిది కారాదు, చెడునేలఁ బుట్టినది కారాదు, కణుపు లోపించినది, చీలినది పనికిరాదు. నిండుకణుపులుగలదై, బాగుగ ముదిరి, పాలిపోయిన వన్నె గలిగి, తగిన కాలమున సేకరింపఁబడినది గ్రాహ్యము. ఇందు ప్రతిమాటకును పనిలోఁ బ్రయోజనము కలదు. పచ్చికాండము ఎండునప్పుడు వంగును. చీలినది వింటి త్రోపునకు విఱిగి యేయువాని చేతినే గాయపఱచును. పాలిపోయిన వన్నె యెండి ముదిరినదానికి గుఱుతు.

కోల పొడవు పిడికిలి తక్కువగా రెండు మూరలనియు, లావు చిటికెనవ్రేలంతయనియుఁ జెప్పఁబడినది. ఇది తూనికకోలకు నిలువని కొలతయని తోఁచవచ్చును. కాని కొలత విలుకాని శరీరమునుండియే తీసికొనఁబడుచున్నదని గమనింపవలెను. నిడుపైన చేతులుగలవానికి నిడుపైన కోల కావలెను. కోల నిడుపైనకొలఁది ఎక్కువగ వంగును. అట్టివాని చిటికెనవ్రేలును గొంత లావైనదే కనుక ఆ వంపునకు విఱుగుడు కొలతలోనే యున్నది. యంత్రశాస్త్రము ననుసరించి, ఒకే బరువునకు గుండ్రని కోల వంగుట దాని పొడవు ఘనమునుబట్టి పెరుఁగును. అడ్డుకొలత నాల్గవఘాతమునుబట్టి తఱుఁగును. పొడవును లావును ఒకే పాలునఁ బెంచినచో కోల కొంచెము గట్టిపడును. పెద్ద యొడలిగలవాఁడు సామాన్యముగ గట్టి విల్లే తిగుచును గనుక ఆ గట్టిదనము వానికిఁ దగియే యుండును.

పిదప ఈ గ్రంథములు కోలలను స్త్రీ, పురుష, నపుంసకములని మూఁడుగ విభజించినవి. ముందు లావైనది స్త్రీ. వెనుక లావైనది పురుషుఁడు. అంతట సమమైనది నపుంసకము. మొదటిది దూరము పోవును, రెండవది గట్టిగ నాటును, మూఁడవది గుఱి నభ్యసించుటకుఁ దగినది. పేళ్ళు వింతగనున్నను విభాగమునకు ఆధారము కోలయందు బరువు పంచుకొనఁబడిన తీరే. ముందు లావైనచో భారకేంద్రము ముందునకు జరుగును. వెనుకకొన తేలికయై గరి యదుపునకు సులభముగ లోఁబడును. అభ్యాసమునకు సమకోల వలయుననుట మఱింత అర్థవంతము. కోలలన్నియు నొక్క తీరున నున్నఁగాని అభ్యాసకుఁడు తన చేతిదోషమును కోలదోషమునుండి విడఁదీసికొనలేఁడు.

గరినిగూర్చిన విధులును నిట్టివే. కాకి, హంస, గ్రద్ద, క్రౌంచము, నెమలి మున్నగు పక్షుల యీఁకలు గ్రాహ్యములుగఁ జెప్పఁబడినవి. ఒక్కొక్క కోలకు నాలుగు ఱెక్కలు. ఱెక్క పొడవు ఆఱంగుళులు. సింగిణి కోలకైనచోఁ బదియంగుళులు. పూర్తి యినుపదైన నారాచమునకు మాత్రము వెడల్పైన అయిదు ఱెక్కలు వలయుననియు, అది యే కొందఱికో సిద్ధించుననియుఁ జెప్పఁబడినది. బరువును, వింటి బలమును బెరిగినకొలఁది ఱెక్క పెరుఁగవలెనను నియమము ఈ సంఖ్యలలో దాఁగియున్నది. నాలుగు, ఆఱు, పది, అయిదు అను నీ లెక్కలు సంప్రదాయసిద్ధమైన పవిత్రసంఖ్యలు కావు. చేసి చూచి నిలిపినవి.

4. గతియు, స్ఖలనమును

ఇఁక ముఖ్యాంశము. ఈ గ్రంథములలో కోల పోకనుగూర్చి రెండు వేఱువేఱు పట్టికలు కలవు.

మొదటి పట్టిక మూఁడు గతులది: సూచీముఖము, మీనపుచ్ఛము లేక మత్స్యపుచ్ఛము, భ్రమరి. ఱెక్క సరిగనుండకపోవుట, తక్కువగుట యను దోషమును సూచీముఖముతోఁ గలిపి చెప్పినారు. కఠినమైన వింటిని బలహీనమైన పిడికిటితోఁ దిగిచినచో మత్స్యపుచ్ఛగతి కలుగును. కోల తిన్నఁదనము విడిచి పోవుట భ్రమరి. చేఁప తోఁకను ఇరుప్రక్కలకు నాడించుచు నీఁదునట్లు కోల పోవుట యొకటి. తుమ్మెదవలె సుడిగొనుచుఁ బోవుట యొకటి. ఈ యుపమానములు కవులవి కావు. కోల వెనుక నిలిచి, పోవుచున్నదాని తోఁకను జూచినవారివి.

రెండవ పట్టిక నాలుగు స్ఖలనములది: ఎడమకుఁ బోవుట, కుడికిఁ బోవుట, మీఁదికిఁ బోవుట, క్రిందికిఁ బోవుట. నారిపిడికిలి వణఁకి వింటిపిడికిలి యెదురుగ నిలిచినచో కోల యెడమకుఁ బోవును. పట్టు సడలి తిన్నఁదనము తప్పినచో కుడికిఁ బోవును. వింటిపిడికిలి యెత్తై నారిపిడికిలి తగ్గినచో మీఁదికిని, విడుచునప్పుడు వింటిపిడికిలి తగ్గి నారిపిడికిలి యెత్తైనచోఁ గ్రిందికిని బోవును. నాలుగింటికిని గారణము పిడికిలియే. కోలమాట యిందు లేదు, ఱెక్కమాట లేదు.

ఈ రెండు పట్టికలను గలిపి చదువుటవలన వాని విలువ మఱుఁగుపడినది. వేఱుచేసి చదివినచో క్రమము వెల్లడియగును. కోల తిన్నఁగాఁ బోయి తప్పుచోట నాటినచో విలుకాఁడు తన చేతిని దిద్దుకొనవలెను. కోల పోవుచునే యూఁగెనేని, సుడిగొనెనేని కోలను, ఱెక్కను, వింటిని బరీక్షింపవలెను. మా బాల్యమున మేము చేసిన పొరపాటు రెండవదానికి మొదటిదాని మందు వేయుట. ఆ పొరపాటు పూర్వులకును దెలిసినదే కానిచో రెండు పట్టికలు వ్రాయవలసిన పని లేదు.

మత్స్యపుచ్ఛమునకుఁ జెప్పిన కారణము మఱింత ఆలోచింపఁదగినది. అందు దోషము కోలలో నున్నదని చెప్పలేదు. చేతిలోనే యున్నదనియుఁ జెప్పలేదు. విల్లు కఠినము, పిడికిలి బలహీనము. అనఁగా రెండింటికిని ఈడుజోడు లేదు. గతిదోషము ఒక వస్తువునందుఁ గాక రెండు వస్తువుల పొందికయం దుండవచ్చునను భావన ఇచటఁ దోఁచుచున్నది.

5. నవీన పరీక్ష

విల్లు చేతఁబట్టి కోలను దాని ప్రక్క నానించి చూచినవారికెల్ల నొక సందేహము కలుగవలెను. కోల వింటిబద్దకు నడుమ లేదు. ఒక ప్రక్కను బయటికిఁ జూచుచున్నది. నారి మాత్రము దానిని బద్దవైపునకే త్రోయును. అట్లయ్యు మంచి కోల గుఱివైపునకే పోవును. ఈ వింతకు విలుకాని విరోధాభాసమను నర్థమువచ్చు పేరును అమెరికా దేశస్థుఁడు రాబర్ట్ ఎల్మర్ 1913లోఁ బెట్టెను. 1930 తరువాతి దశాబ్దమున క్లారెన్స్ హిక్‌మన్ వేగచిత్రములను దీసి ఆ వింతను విప్పినాఁడు. నారి విడిచిన క్షణమున కోల కొయ్యగ నిలువక వంగును. మొదట నొకవైపునకు, పిదప వేఱొకవైపునకు వంగుచు, పాము కఱ్ఱను జుట్టి తప్పుకొనునట్లు బద్దను దప్పించుకొని పోవును. తరువాత గరి యా యూఁపును అణఁచును.

కావునఁ గోలకుఁ గావలసినది కేవలము గట్టిదనము కాదు. వింటికిఁ దగిన గట్టిదనము. మిక్కిలి గట్టిదైనచో వంగక బద్దకుఁ దగిలి ప్రక్కకు మళ్ళును. మిక్కిలి మెత్తనిదైనచో అతిగ వంగి, గాలిలోఁ బోవుచుఁ దోఁక యూఁపుచునే యుండును. ఒక వింటికిఁ దగిన కోలయే మఱింత కఠినమైన వింటికి మెత్తనిదగును. కఠినమైన విల్లు మత్స్యపుచ్ఛగతికిఁ గారణమని చెప్పిన శ్లోకము అనుభవమున నిలిచినట్టిదే. బలహీనమైన పిడికిలి నారిని చక్కఁగ విడువలేక ఆ యూఁపును మఱింత పెంచును. ఆంగ్లేయ విలుకాండ్రును ఈ గతిని చేఁపతోఁక మాటతోనే వ్యవహరించుట గమనింపఁదగినది. ఎరువు తెచ్చికొనిన మాటయని దీని నెంచనక్కఱలేదు. ఒకే దృశ్యమును జూచిన కన్నులకు ఒకే యుపమానము తోఁచినది.

నేఁడు కట్టెకోల గట్టిదనమును గొలుచుటకు ఒక పద్ధతి యేర్పడినది. ఇరువదియాఱు అంగుళముల యెడముగల రెండు ఆధారములపైఁ గోలనుంచి, నడుమ 2 పౌండ్ల బరువు వ్రేలాడఁదీసి, కోల యెంత క్రుంగినదో చూతురు. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూఁడు స్వర్ణపతకములు గెలిచినప్పుడు వాడిన వంటి నవీన కోలలకు ఈ గట్టిదనము కర్మాగారముననే నిర్ణీతమై యుండును. పూర్వపు పనివానికి ఆ సంఖ్య లేదు. వానికిఁ గన్నును వ్రేళ్ళును గలవు. కోలను రెండుకొనలఁ బట్టి వంచి చూచి, సాటికోలలతోఁ బోల్చి, ఒక్క తీరున వంగు వానినే యొక పొదిలోఁ జేర్పవలసియుండెను.

సన్నదనముచేఁ గలుగు మార్పు కంటికిఁ దోఁచినదానికంటె నెక్కువ. కోల అడ్డుకొలతను పదవవంతు తగ్గించినచో గట్టిదనము మూఁడవవంతునకుఁ బైగాఁ దగ్గును. కోలను నునుపుచేయుటకై అతిగఁ జివ్వినవాఁడు దానిని మెత్తపఱచుచున్నాఁడు. మిక్కిలి లావు, మిక్కిలి సన్నము రెండును గూడవను మాటలోని కఠినత యిట్టిది.

6. కట్టెకోలను దిద్దుకొను క్రమము

సంస్కృత గ్రంథములలోని కాండము ప్రధానముగ రెల్లుజాతిది. కఱ్ఱను జెక్కి చేసిన కోలకు ఆ విధులను అన్వయించుకొనునపుడు ఒక విషయమును జేర్చుకొనవలెను. రెల్లునకుఁ గణుపులు, కఱ్ఱకు నారపోగులు. కఱ్ఱలోని పోగులు ఈ కొననుండి యా కొనవఱకు తెగక సాగవలెను. ఱంపముతోఁ గోసిన పుల్లలో అవి ప్రక్కకుఁ దెగిపోవుట తఱచు. కఱ్ఱను దాని దారినే చీల్చి చెక్కినచో నిలుచును. ఈ యెఱుక ఉదయగిరి సీమలో నేఁటికిని జీవించియున్నది. అచటి చెక్క గరిటెలు, చెంచాలు, ముళ్ళగరిటెలు చేయువారి పని భౌగోళిక సూచిక గుర్తింపును బొందినది. నర్ది, బిక్కి, కలివి మున్నగు అడవికఱ్ఱలను ఎండఁబెట్టి, చీలకుండ సన్నని కాడగఁ దీయుట వారి విద్య. సన్నని కాడ విఱుగకుండుటకు వారు చూచుకొను పోగుల పోకయే కోలకును బ్రాణము. వారు అంపకోలలు చేసినవారి సంతతియని నేననుట లేదు. కఱ్ఱను జదువు చూపు రెండు పనులకును నొక్కటియని మాత్రమే నా భావము.

గ్రంథార్థమును, నవీనానుభవమును గలిపి చూడఁగాఁ బరీక్షాక్రమ మిట్లు తేలుచున్నది. మొదట తిన్నఁదనము: కోలను గోటిపై నుంచి త్రిప్పినచో వంకరది యదరును, నిప్పుసెగఁ జూపి, వేఁడిగనుండఁగనే వంకకు ఎదురుగ వంచి చల్లార్చి, కొన్ని దినములకు మరల చూడవలెను. రెండవది అలుఁగు: కోల నడిరేఖకు సూటిగ నిలువని అలుఁగు తిన్నని కోలనుగూడ సుడి త్రిప్పును. మూఁడవది గరి: ఒక కోలకుఁ గట్టిన యీఁకలన్నియు పక్షియొక్క ఒకే వైపు ఱెక్కనుండి తీసినవిగ నుండవలెను, కుడి యెడమలను గలిపినచో అవి కోలను త్రిప్పుటలో నొకదానినొకటి ప్రతిఘటించును. నాల్గవది గాఁడి: నారికి మిక్కిలి బిగువైనను, మిక్కిలి వదులైనను విడుపు చెడును, నారిపై గాఁడి నిలుపు చోటు మీఁదైనను గ్రిందైనను కోల ప్రక్కలకుఁ గాక మీఁదికిఁ గ్రిందికి నూఁగును. కడపటిది గట్టిదనము: పైనాలుగును సరిగనుండియుఁ దోఁక యూఁగెనేని కోలకును వింటికిని జోడు లేదని నిశ్చయింపవచ్చును. అప్పుడు కోల మెత్తనిదైనచోఁ గొంత పొట్టిచేయవలెను, లేదా తేలిక అలుఁగు తొడుగవలెను, లేదా మెత్తని విల్లు పట్టవలెను.

ఈ క్రమమును సరిచూచుటకై ఇటీవల వెదురువిండ్లు రెండింటిని జేయించి, ఒకే పలకనుండి చీల్చిన పుల్లలతోఁ గొన్ని కోలలను స్వయముగఁ జెక్కితిని. మెత్తని వింటితోఁ దిన్నఁగాఁ బోయిన కోల గట్టి వింటితో స్పష్టముగఁ దోఁక యూఁపినది. దానినే జేనెడు కోసి పొట్టిచేయఁగా ఊఁపు చాలవఱకుఁ దగ్గినది. కార్తికమాసపు వానలలో రెండు దినములు వసారాలో విడిచిన కోలలు గరి యణఁగి, కాండము వంగి, మొదటి గుణమును గోలుపోయినవి. ఈశాన్యఋతుపవనపు వానలు కురియు నెల్లూరు సీమలో తగిన కాలమున సేకరింపవలెనను విధికి ఇంతకంటె వ్యాఖ్య యక్కఱలేదు. ఇది ప్రయోగశాలలోఁ జేసిన పరీక్ష కాదు. గ్రంథములోని మాట చేతికెట్లు తగులునో తెలిసికొనుటకుఁ జేసిన ప్రయత్నము మాత్రమే.

7. హద్దులు

ఈ పోలికను అతిగ సాగఁదీయరాదు. ధనుర్వేదకర్తలు కోల వింటిబద్దను జుట్టి వంగునని యెచటను జెప్పలేదు. అది కంటికిఁ గానరాని వేగమున జరుగును. వారు చూచినది ఫలమును, ఊహించినది సమీపకారణమును. ఎడమ కుడి స్ఖలనముల విషయమునను జాగరూకత వలయును. కోలను వింటికి ఎడమ ప్రక్క నుంచి వ్రేళ్ళతోఁ దిగుచువారికిని, కుడి ప్రక్క నుంచి బొటనవ్రేలితోఁ దిగుచువారికిని గోల మళ్ళు దిక్కు తాఱుమాఱగును. పతాక, వజ్రముష్టి, సింహకర్ణి, మత్సరి, కాకతుండి యని నారిపట్టులు అయిదుగఁ జెప్పఁబడిన శాస్త్రమున ఏ స్ఖలనము ఏ పట్టునకుఁ జెందినదో విడఁదీయక నేఁటి నియమములతోఁ బోల్చుట సాహసము.

సైనికుని కోలను, వేఁటకాని కోలను ఒకే గాటఁ గట్టుటయుఁ బొసఁగదు. రాచసేన కోల దూరమునకుఁ బోవలెను, వందలుగ నొక్క తీరున నుండవలెను. అడవిలో దగ్గఱనుండి యేయు వేఁటకానికిఁ దన వింటికిఁ దగిన నాలుగైదు కోలలు చాలును. వాని గుణదోషములు వానికిఁ బేరుపేరునఁ దెలియును. గ్రంథములు మొదటివాని యవసరమును జూచి నియమములు చేసినవి. రెండవవాని విద్యకు గ్రంథము లేదు; అది వాని చేతితోనే పోవును.

8. ఉపసంహారము

పైవిచారమువలన సాహిత్యాధ్యయనమునకుఁ గలుగు లాభము రెండు విధములు. యుద్ధపర్వములను జదువునపుడు గరి, పింజ, అలుఁగు, కోల యను పదములను పర్యాయపదములుగఁ గాక అంగవాచకములుగ గ్రహించినచో వర్ణనలలోఁ గ్రియకును బదమునకును గల పొందిక తెలియును. గరి తెగిన కోలకును, అలుఁగు విఱిగిన కోలకును గతి యొకటి కాదని యెఱిఁగిన పాఠకునికి, కవి యే పదమును ఏల యెన్నుకొనెనో విచారించు నవకాశము కలుగును. ఉపాధ్యాయులు తరగతిలో నొక కోలను జూపి పద్యమును జెప్పినను మేలే.

రెండవది పదసేకరణము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయపదములు 1962లోను, చేనేతపదములు 1971లోను వెలువడినవి. ఆ త్రోవనే వేఁటపనిముట్ల మాటలనుగూడ వెలిగొండ, నల్లమల ప్రాంతములలో వెదకవలసియున్నది. పరిశోధక విద్యార్థి పనిముట్టు పేరడిగి వ్రాసికొనుటతోఁ దృప్తి చెందరాదు. కోల వంకపోయినచో దానిని ఏమందురు, తోఁక యూఁపినచో ఏమందురు, సుడి తిరిగినచో ఏమందురు, దానికి ఏమి చేయుదురు అని యడుగవలెను. వస్తువుల పేళ్ళు నిఘంటువులలోఁ గొంతవఱకైన మిగిలినవి. చేయువాఁడు చూచిన దోషముల పేళ్ళు వాని నోటనే యుండును. అట్టి పెద్దలు జీవించియుండఁగనే వానిని వ్రాసికొనకున్నచో మత్స్యపుచ్ఛమునకుఁ దెలుఁగుమాట యేదో తెలియక మిగులును.